వందేళ్ళ మండువా లోగిలి: పెంకు ఉంచాలా, స్లాబ్ వేయాలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. తణుకు దగ్గర పల్లెలో మీ ముత్తాతగారు కట్టించిన మండువా లోగిలి ఎనిమిదేళ్ళుగా తాళం వేసి ఉంది. మండువా, అంటే ఇంటి నడిమి పైకప్పు లేని వాకిలి, మూలల్లో రెండు చోట్ల కారుతోంది, ఒక దూలం చివర పుచ్చింది. కాంట్రాక్టరు పెంకు దింపేసి స్లాబ్ వేద్దామంటున్నాడు. పాత కలప కొనే ఒకాయన స్తంభాలకీ సింహద్వారానికీ మంచి ధరే చెప్పాడు. మీ నాన్నగారి తరంలో వాటాదారులు నలుగురు. ఇల్లు నిలుస్తుందా, అసలిది ఎప్పటిదో ఎలా తెలుసుకోవాలి అని అడిగారు.

నిలుస్తుందండి. మీరు చెప్పిన జబ్బులన్నీ నీళ్ళ వల్ల వచ్చినవే, అన్నిటికీ మందు ఉంది. ఈ వేసవి దాటకుండా కప్పు బాగుచేయించండి. స్లాబ్ మాట మర్చిపోండి. స్తంభం కాదు కదా, కిటికీ రెక్క కూడా అమ్మొద్దు. రూపాయి ఖర్చు పెట్టే ముందు వాటాదారులంతా, ఆడపడుచులతో సహా, కాగితం మీద ఒక మాటకి రండి. మీకు చెప్పాల్సిన అసలు సంగతి ఇంతే. ఎందుకో, ఎలాగో కింద రాస్తున్నాను.

నేను సివిల్ ఇంజనీరుని. ఇరవై రెండేళ్ళుగా గోదావరి జిల్లాల్లో పాత ఇళ్ళ మరమ్మతులే చేస్తున్నాను. చదువుకున్నదంతా సిమెంటు గురించే. పెంకు, సున్నం, టేకు గురించి నాకు తెలిసినదంతా మేస్త్రుల దగ్గర, వడ్రంగుల దగ్గర నేర్చుకున్నదే.

ముందు కప్పు సంగతి. మండువాలో నాలుగు వైపుల కప్పూ లోపలికే వాలుతుంది కదా. రెండు వాలుల నీళ్ళు ఒకచోట కలిసేది లోమూలల్లోనే. అందుకే నేను చూసిన ఇళ్ళలో కారడం దాదాపు ఎప్పుడూ ఆ నాలుగు మూలల్లోనే మొదలైంది. అక్కడ పెంకుల కింద జింకు రేకు పరిచి ఉంటుంది. అది పాతికేళ్ళకో ముప్పై ఏళ్ళకో తుప్పు పట్టి చిల్లులు పడుతుంది. పైనుంచి చూస్తే పెంకులన్నీ బాగానే కనబడతాయి, ఎంత వెతికినా కారే చోటు దొరకదు. మూల దగ్గర రెండు వరసలు విప్పిస్తే చాలు, రేకు సంగతి తెలిసిపోతుంది. కొత్త రేకు అడుగున్నర వెడల్పుకి తగ్గకూడదు. దాని మీదికి పెంకు రెండు వైపులా నాలుగేసి అంగుళాలైనా రావాలి.

మీది మంగళూరు పెంకు అన్నారు. పగిలినవాటి బదులు బజార్లో దొరికిన కొత్త పెంకు తెచ్చి పెట్టేయకండి. ఒక కంపెనీ పెంకు గాడి ఇంకో కంపెనీ పెంకులో సరిగ్గా కూర్చోదు, ఆ సందులోంచే గాలివానకి నీళ్ళు ఎగదన్నుతాయి. చుట్టుపక్కల పడగొట్టే ఇళ్ళు చూసుకుని, మీ పెంకు మీద ఉన్న ముద్రే ఉన్నవి ఓ రెండు వందలు కొని పెరట్లో పేర్చి పెట్టుకోండి. ఇప్పుడు ఊళ్ళల్లో కోతుల బెడద ఎక్కువైంది, ఏటా ఇరవయ్యో ముప్పయ్యో పగలగొడతాయి. వెనకటివాళ్ళు ఏటా తొలకరికి ముందు పెంకు నేయించేవారు, అంటే విప్పి సర్ది మళ్ళీ పేర్పించేవారు. పెద్ద పనేం కాదు, ఇద్దరు మనుషులకి రెండు రోజుల పని. అది మానేసిన నాటి నుంచే మన ఇళ్ళు కూలడం మొదలైంది.

స్లాబ్ ఎందుకు వద్దంటున్నానంటే, లెక్క చూడండి. అయిదంగుళాల స్లాబ్ చదరపు అడుగుకి సుమారు ముప్పై కిలోల బరువు. మంగళూరు పెంకు కప్పు వాసాలతో కలిపినా ఆరేడు కిలోలే. మీ గోడ రెండడుగుల మందం కాబట్టి బలంగానే ఉంటుందనిపిస్తుంది. కానీ అందులో ఇటుకల మధ్య ఉన్నది మట్టి. నిట్టనిలువుగా, తేలిగ్గా పడే బరువు మోయడానికి కట్టిన గోడ అది. దాని మీద నాలుగైదు రెట్లు ఎక్కించడం ప్రమాదం. కాంట్రాక్టరు పిల్లర్లు లేపుతానంటాడు. లేపాలంటే గోడలు తొలచాలి, పునాది పక్కన గోతులు తవ్వాలి. మధ్యలో ఒక గోడ జారితే ఇల్లు మొత్తం పడగొట్టక తప్పదంటారు. అలా మొదలై ఖాళీ స్థలంగా మిగిలిన ఇళ్ళు నాకు రెండు తెలుసు.

గోడల విషయంలో నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను, మీరు చేయకుండా ఉంటారని. 2006లో అమలాపురం వైపు ఒక ఇంట్లో మండువా చుట్టూ ఉన్న గోడలకి అడుగుభాగం సున్నం రాలిపోతోంది. పాత పూత గీకించి, శుభ్రంగా సిమెంటు ప్లాస్టరింగ్ చేయించాను. ఆ సంక్రాంతికి ఇంటివాళ్ళు ఎంతో మెచ్చుకున్నారు. మూడో వానాకాలానికి నడుం ఎత్తున ఉన్న నిమ్ము భుజం దాకా ఎక్కింది. సిమెంటు పెచ్చు పట్టుకుని లాగితే వెనక ఇటుక అటుకుల్లా పొడిపొడిగా రాలింది. నేల నుంచి గోడలోకి ఎక్కే చెమ్మ సున్నపు పూతలోంచి అయితే ఏ రోజుకారోజు ఆరిపోతుంది. సిమెంటు దాన్ని బయటికి పోనివ్వదు. చెమ్మ పైకి ఎక్కుతుంది, దాంతోపాటు ఉప్పు ఎక్కి ఇటుకని తినేస్తుంది. ఆ గోడ ఎనిమిదడుగుల మేర కొత్తగా కట్టించాల్సి వచ్చింది. నా ఖర్చుతోనే కట్టించాను. ఆ ఇంటి పెద్దాయన ఒక్క మాట అనలేదు, అదే నాకు ఇప్పటికీ బాధ.

కాబట్టి సున్నమే వాడండి. రంగుల షాపులో దొరికే వెల్ల పొడి కాదు, బట్టీలో కాల్చిన సున్నం. మన వైపు గుల్ల సున్నం ఇంకా దొరుకుతోంది. గోతిలో నీళ్ళు పోసి చల్లార్చి, నీళ్ళ కిందే కనీసం నెల రోజులు నాననివ్వాలి. తర్వాత ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళ ఇసుక కలిపి గానుగ పట్టాలి. ఎద్దుల గానుగలు పోయాయి గానీ మోటారు గానుగతో పని జరుగుతుంది. నా మేస్త్రి కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు కలుపుతాడు. పూత బంకగా పట్టుకుంటుంది, పగుళ్ళు తగ్గుతాయి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుంటూ నెమ్మదిగా గట్టిపడుతుంది, తొందరపెడితే పాడవుతుంది. మండుటెండల్లో పూస్తే ఆరిపోయి బీటలు వారుతుంది. అందుకే కప్పు పని వేసవిలో, పూత పని వానలు వెనకబట్టాక కార్తీకంలో పెట్టుకోండి. అప్పటికి గోడలు ఎంత ఆరాయో కూడా తెలుస్తుంది.

ఇంకొకటి. మండువాలో పడ్డ వాన వీధిలోకో పెరట్లోకో పోవడానికి తూము ఉంటుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఒకసారి రావులపాలెం అవతల ఒక ఇంటికి పునాది కుంగుతోందని పిలిచారు. తూర్పు వైపు పడసాల గచ్చు జానెడు దిగింది, స్తంభం ఒరిగింది. ఇల్లు పడగొట్టుకోవడం మంచిదని అప్పటికే ఒకరు చెప్పి వెళ్ళారట. నేను బకెట్ నీళ్ళు మండువాలో పోయించి చూశాను. గంటైనా కదలలేదు. తూము వీధి వైపు మూతి, పంచాయతీ సిమెంటు రోడ్డు ఎత్తు పెంచినప్పుడు దాని కింద పడి మూసుకుపోయింది. లోపల కొబ్బరి పీచు, పనస ఆకులు, ఎన్నేళ్ళదో నల్లటి బురద, అందులో ఒక చిన్న ఇత్తడి చెంబు. ప్రతి వానా పునాదిలోకే ఇంకుతోందన్నమాట. పెరటి వైపు వాలు పెట్టి కొత్త తూము తీశాం, స్తంభాన్ని జాకీతో లేపి కింద రాయి సరిచేశాం. ఏడేళ్ళయింది, మళ్ళీ కదలలేదు. ఇంటికి వెళ్ళగానే మీరు చేయాల్సిన మొదటి పరీక్ష ఇదే. రెండు బకెట్లు పోసి, ఎటు పోతాయో చూడండి.

పుచ్చిన దూలం గురించి టెన్షన్ పడకండి. దూలం మొత్తం పోవడం అరుదు. గోడలో దూరిన చివర చెమ్మకి పుచ్చుతుంది, మిగతాది ఇనుములా ఉంటుంది. మా వడ్రంగి మేస్త్రి చెవి దూలానికి ఆనించి, చిన్న సుత్తితో జానెడుకొక దెబ్బ వేసుకుంటూ వెళతాడు. బాగున్నచోట ఖంగుమంటుంది, లోపల గుల్లగా ఉన్నచోట డొల్ల మోత వస్తుంది. మోత మారిన చోట సుద్దతో గీత గీస్తాడు. ఆ గీత దాటి బాగున్న వైపు అడుగు దాకా కోసి, పాత టేకు ముక్కనే ఏటవాలుగా అతికి, బోల్టులు బిగిస్తే మళ్ళీ రెండు తరాలు చూసుకోనక్కర్లేదు. ముందు కింద జాకీలు నిలబెట్టకుండా ఒక్క మేకు కూడా పీకనివ్వకండి. కొత్త చివర గోడలో పెట్టేటప్పుడు చుట్టూ వేలెడు సందు వదలాలి, గాలి ఆడడానికి. ఆ చివరకి జీడి నూనె పట్టిస్తే చెదలు దగ్గరికి రావు. చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది, పనివాళ్ళకి చేతి తొడుగులు ఇవ్వండి. కనబడే స్తంభాలకి మాత్రం మెరిసే వార్నిష్ వద్దు, ఉడకబెట్టిన అవిసె నూనె పల్చగా రుద్దించండి. పాత వైరింగు మొత్తం పీకించేయండి. బాత్రూమ్ పాత గోడకి ఆనకుండా పెరట్లో విడిగా కట్టుకోండి.

ఇక కలప బేరం. ఆయన చెప్పిన ధర మీకు ఎక్కువ అనిపించి ఉంటుంది. ఆ నాణ్యమైన పాత టేకు ఇప్పుడు కొందామంటే అంత తేలిగ్గా దొరకదు, అందుకే వాళ్ళు ఊరూరా తిరుగుతున్నారు. నేను చూసిన ఒక ఇంట్లో నాలుగు స్తంభాలు అమ్మి, సర్వి బాదులు పోటు పెట్టారు. ఆ ఏడు శ్రావణంలో మండువా ఒక పక్క కూర్చుండిపోయింది. చట్టం కూడా తెలిసి ఉండాలి. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్ళు దాటినది, కట్టడం నుంచి విడదీసిన భాగమైనా సరే, పురావస్తువు కింద రావచ్చు. అలాంటివాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి, ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. అటక మీద తాళపత్రాలు ఉంటే వాటికి డెబ్బై అయిదేళ్ళే హద్దు. చెక్కడాలున్న మీ సింహద్వారం గురించి ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

ఇల్లు ఎప్పటిదన్న దానికి వద్దాం. నాకు ఇష్టమైన భాగం ఇది. మన డెల్టాలో ఇలాంటి లోగిళ్ళు లేవడానికి మూలం నీళ్ళే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవలొచ్చాయి, వరి పండింది, చేతిలో డబ్బు ఆడింది. గోదావరి మీద మన్యం టేకు తెప్పలుగా కట్టి రాజమండ్రికి దింపేవారు. కాకినాడ రేవుకి రంగూన్ నుంచి ఓడలు నడిచేవి, బర్మా టేకు ఆ దారినే వచ్చింది. మీ ఇంట్లో రెండు రకాల టేకూ ఉండే అవకాశం ఉంది.

పెంకు తిప్పి చూస్తే 1865 అని కనబడి చాలామంది ఇల్లు అప్పటిదే అనుకుంటారు. అది పెంకు చేసిన ఏడు కాదు. మంగళూరులో బాసెల్ మిషన్ అనే స్విట్జర్లాండు క్రైస్తవ సంస్థ వాళ్ళు పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన ఏడు. అల్బుకర్క్ కంపెనీ పెంకు మీద ఉండే 1868 కూడా అలాంటిదే. అదే కామన్‌వెల్త్ ట్రస్ట్ అని ఉంటే మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతిదని ధైర్యంగా చెప్పొచ్చు, ఎందుకంటే బాసెల్ మిషన్ ఫ్యాక్టరీలు ఆ యుద్ధం వల్లే ఆ ట్రస్ట్ చేతికి వెళ్ళాయి. ఇనుప దూలాలుంటే వాటి మీదా ముద్ర ఉంటుంది. టాటా పేరుంటే 1912కి ముందుది కాదు, వాళ్ళు ఉక్కు తీయడం మొదలైందే అప్పుడు. అయితే పెంకు, దూలం మధ్యలో మార్చి ఉండొచ్చు. ఇంటి వయసుకి అవి సాక్ష్యమే గానీ తీర్పు కాదు.

ద్వారబంధం మీద పసుపు కింద తెలుగు సంవత్సరం పేరు చెక్కి ఉందేమో తడిగుడ్డతో తుడిచి చూడండి. ఉదాహరణకి దుందుభి అని ఉంటే 1862 కావచ్చు, 1922 కావచ్చు. అరవై ఏళ్ళ తేడా కాబట్టి కాగితాలతో కలిపి చూస్తే ఏదో తేలిపోతుంది. కాగితాలు చదవడానికి మీ తణుకు తాలూకా వాళ్ళకి ఒక మంచి గుర్తుంది. 1904 వరకు మీది గోదావరి జిల్లా, 1904 నుంచి 1925 దాకా కృష్ణా జిల్లా, ఆ తర్వాత పశ్చిమ గోదావరి. తేదీ చిరిగిపోయిన దస్తావేజులో "కృష్ణా జిల్లా తణుకు తాలూకా" అని ఉంటే చాలు, ఆ ఇరవై ఏళ్ళలోదే. స్టాంపు మీద రాజు బొమ్మ ఎవరిదో చూడండి, ఎడ్వర్డ్ అయితే ఇంచుమించు 1901 నుంచి 1910, అయిదో జార్జ్ అయితే 1910 నుంచి 1936 మధ్య. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పంపకాల దస్తావేజుల నకళ్ళు దొరుకుతాయి. వాటిలో హద్దులతోపాటు ఏ గది ఎవరికి, ధాన్యం కొట్టు ఎవరికి, నుయ్యి ఉమ్మడా కాదా అన్నీ రాసి ఉంటాయి. ఇంటి ప్లానే అక్షరాల్లో ఉన్నట్టు. మీ ఇంట్లో వయసు మళ్ళిన మేనత్తలు ఎవరైనా ఉంటే ఈ నెలలోనే వెళ్ళి కూర్చుని, ఏ గదిలో ఎవరు పుట్టారో, ఏ గోడ ఎప్పుడు జరిపారో ఫోనులో రికార్డు చేసుకోండి. ఈ ఒక్కటీ వాయిదా వేయొద్దు.

వాటాల సంగతి తేలకుండా పని మొదలుపెట్టకండి. ఊళ్ళో పాత ఇళ్ళు చాలావరకు గ్రామకంఠంలో, అంటే ఊరి నివాస స్థలంలో ఉంటాయి. పొలానికి ఉన్నట్టు ఇంటికి విడి సర్వే నంబరు, పట్టా పాస్‌బుక్ సాధారణంగా ఉండవు. ఇంటిపన్ను రసీదులు, పాత దస్తావేజులే మీ ఆధారం. రసీదులు వెతికి జిరాక్సు తీసి పెట్టుకోండి, ఎనిమిదేళ్ళ పన్ను బాకీ ఉంటే ముందు కట్టండి. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లల హక్కు హిందూ వారసత్వ చట్టానికి మన రాష్ట్రంలో చేసిన 1986 సవరణతోనూ, దేశమంతటా 2005 సవరణతోనూ స్థిరపడింది. మీరు నలుగురు అంటున్నారు, మీ మేనత్తలని లెక్కలో కలిపారా? పాత రిజిస్టర్డు పంపకం జరిగి ఉంటే లెక్క వేరు. ఆ కాగితాలు పట్టుకుని స్థానిక లాయరుని కలవండి, అది నా పని కాదు. నా అనుభవం మాత్రం చెబుతాను. నేను సగంలో ఆపేసిన పనులు మూడు. మూడూ డబ్బు లేక ఆగినవి కావు, సంతకం కోసం ఆగినవే. కప్పు విప్పి ఉండగా పని ఆగితే, ఒక్క వానాకాలం చాలు.

ప్రభుత్వం ఏమైనా ఇస్తుందా అని చాలామంది అడుగుతారు. రక్షిత కట్టడాలుగా ప్రభుత్వం ప్రకటించినవాటికే రక్షణ. రాజమండ్రిలో వీరేశలింగంగారి ఇల్లు, విజయనగరంలో గురజాడవారి ఇల్లు అలా నిలిచాయి. మామూలు కుటుంబాల లోగిళ్ళు కుటుంబాలే చూసుకోవాలి. అది కాని పని కాదు. తెలంగాణలో కామారెడ్డి దగ్గర దోమకొండ గడిని, అంటే కోటని, ఆ కుటుంబమే పూనుకుని బాగుచేయిస్తే 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు వచ్చింది. మనది అంత పెద్ద వ్యవహారం కాదు, ఒక కప్పు, నాలుగు మూలలు, ఒక తూము. సలహాకి ఇన్‌టాక్ అని, పాత కట్టడాల పరిరక్షణకి పనిచేసే జాతీయ సంస్థ వాళ్ళ శాఖలున్నాయి, మేస్త్రుల ఆచూకీ అక్కడ అడగొచ్చు.

అన్ని ఇళ్ళూ ఉంచమని నేను చెప్పను. గోడలు బయటికి ఒరిగి, కప్పు సగం కూలి, వాటాదారుల్లో ఒక్కరికీ మనసు లేకపోతే కొలతలు, ఫొటోలు తీసుకుని వదిలేయమనే చెబుతాను. మీది ఆ స్థితి కాదు. ఒకవేళ అంతా భరించలేమనుకుంటే మండువా, దాని చుట్టూ పడసాల, వీధి అరుగు ఉంచుకోండి. వెనక వంటిల్లు, పశువుల శాల తర్వాత చూసుకోవచ్చు.

చివరిగా, తాళం సంగతి. తలుపులు తీసి, ఊడ్చి, పొయ్యి వెలిగించే మనిషి లేని ఇంట్లో ఎంత మంచి పనైనా పదేళ్ళు నిలవదు. పాలకొల్లు దగ్గర ఒక కుటుంబం అందరూ అమెరికాలోనే ఉన్నారు. ఊరి బడికి వచ్చిన టీచరు కుటుంబాన్ని అద్దె లేకుండా ఉంచారు, పదకొండు నెలల ఒప్పందం రాసుకుని, ఏటా తిరగరాసుకుంటూ. షరతు ఒక్కటే, వానొచ్చిన రాత్రి నాలుగు మూలలూ చూసి ఫోటో పంపాలి. పదమూడేళ్ళుగా ఆ ఇంట్లో చుక్క కారలేదు.

మీరు వెళ్ళినప్పుడు మూడు ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి: మండువా లోమూల రేకు, పుచ్చిన దూలం గోడలో దూరే చోటు, బకెట్ నీళ్ళు పోశాక తూము. పెంకు ముద్ర కనిపిస్తే అది కూడా. మేస్త్రితో బేరం ఆడేముందు ఎన్ని రోజుల పనో, ఎంత కలప కావాలో నేను లెక్క వేసి చెబుతాను.